ఏదో గడిచిపోతోంది సార్!

మన దేశంలో వ్యాపారం ఎలా సాగుతోందో తెలుసుకోవడం చాలా సులువు. కిళ్లీ కొట్టు నుంచి కోల్డ్ స్టోరేజీ దాకా ఎవర్ని అడిగినా ఒకటే జవాబు వస్తుంది: "ఏదో గడిచిపోతోంది సార్." కులం, మతం, పార్టీ, జీఎస్టీ రిజిస్ట్రేషన్, ఏ తేడా లేకుండా దేశమంతా ఒక్క మాట మీద నిలబడ్డ విషయం నాకు తెలిసి ఇదొక్కటే. ఈ ముక్కని పట్టుకుని, దానికి రూపాయలు కట్టి, కోడ్ నంబర్లు తగిలించి, ఢిల్లీకి పంపి, అటునుంచి "ఈ త్రైమాసికంలో వృద్ధి ఇంత" అని దశాంశంతో సహా బయటికి తీసే పెద్ద ప్రభుత్వ గణాంక యంత్రాంగం ఒకటుంది. దాని మీద జోకులేసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను మాత్రం భక్తితోనే రాస్తున్నాను, ఎందుకంటే ఒకప్పుడు ఆ యంత్రానికి ముడిసరుకు సప్లయి చేసినవాణ్ణి.

సరైన ఉద్యోగం దొరక్కముందు కొన్నాళ్లు ఒక రైస్ మిల్లులో లెక్కలు రాసేవాణ్ణి. ఒకరోజు ఫోనొచ్చింది, "ఏఎస్ఐ గురించండీ" అని. మా ఓనరు గారికి చెమటలు పట్టాయి. తర్వాత తెలిసింది, స్టేషన్ నుంచి కాదు, యాన్యువల్ సర్వే ఆఫ్ ఇండస్ట్రీస్ అని. కరెంటుతో నడిచే చోట పదిమంది, కరెంటు లేకపోతే ఇరవై మంది పనివాళ్లుంటే అప్పట్లో అది ఫ్యాక్టరీ చట్టం కింద ఫ్యాక్టరీ, అలాంటివన్నీ ఈ సర్వే కిందికొచ్చేవి. (మన ఊళ్లలో ఎక్కడ చూసినా తొమ్మిది మందే ఎందుకు పనిచేసేవాళ్లో మీకెప్పుడైనా అనుమానం వచ్చిందా?) 1959 నుంచి నడుస్తున్న సర్వే ఇది, ఇప్పుడు రెండున్నర లక్షలకు పైగా ఫ్యాక్టరీల కథ దీన్నుంచే తెలుస్తుంది. ఫారం చూస్తే ఎ నుంచి జె దాకా బ్లాకులు. స్థిరాస్తులు ఒక బ్లాకులో, పనిదినాలు ఒక బ్లాకులో, కొన్న సరుకు ఒకదాంట్లో, తయారైన సరుకు ఇంకోదాంట్లో, ప్రతి సరుక్కీ ఏడంకెల కోడు. తవుడుకి ఏడంకెల కోడుంటుందని ఆ రోజుదాకా నాకు తెలీదు, తెలిశాక తవుడు మీద గౌరవం పెరిగింది.

కొత్తగా చేరిన ఉత్సాహంలో మొదటి ఏడాది ఫారం నిజాయితీగా నింపాను. అదీ నేను చేసిన తప్పు. ఆ ఏడాది తుఫానొచ్చి ధాన్యం తడిసింది, ఆడిస్తే బియ్యం తక్కువ, నూక ఎక్కువ పడింది, మధ్యలో మోటారు కాలి పదిహేను రోజులు మిల్లు ఆగింది, హమాలీలు రేటు పెంచారు. అవన్నీ ఉన్నదున్నట్టు రాశాను. నెల తిరక్కుండా ప్రశ్నలొచ్చాయి. నిరుటి కంటే బియ్యం దిగుబడి ఎందుకు తగ్గింది, పనిదినాలు తగ్గితే కూలీ ఖర్చు ఎందుకు పెరిగింది, టన్నుకి కరెంటు ఖర్చు ఎందుకు మారింది, కారణాలు తెలుపగలరు. తుఫాను అని రాశాను. ఇంకాస్త వివరంగా తెలుపగలరు అన్నారు. తుఫాను గురించి ఇంతకంటే వివరంగా రాయాలంటే నేను కవినై ఉండాలి.

అప్పుడు మా పెద్ద గుమాస్తా గారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని విద్య నేర్పారు. నిరుటి ఫారం ముందర పెట్టుకో, అన్నిటికీ ఏడెనిమిది శాతం కలుపు, కరెంటుకి ఇంకో రెండు వెయ్యి, క్వింటా ధాన్యానికి సర్కారు లెక్క 67 కిలోల బియ్యం గనక అటూ ఇటూ కదలకు, తూకంలో ఏమన్నా తేడా వస్తే ఊకలోకి తోసెయ్యి. "అంకె అంకెతో పోట్లాడకూడదురా అబ్బాయ్, అంతే" అన్నారాయన. మరుసటి ఏడాది ఒక్క ప్రశ్న కూడా రాలేదు. మా మిల్లు డేటా క్వాలిటీ ఆ ఏటినుంచి అమోఘం.

నాణ్యత తనిఖీ అంటే ఏమిటో ఆ రోజే నాకు బోధపడింది. అది అంకెల మధ్య జరిగే పెళ్లిచూపులు. జాతకాలు కలిశాయా, నిరుటితో సరిపోయిందా, పక్క మిల్లుతో పోలిందా, ఇవి చూస్తారు. పెళ్లికొడుకు అసలున్నాడా అని చూసే బ్లాకు ఎ నుంచి జె దాకా నాకెక్కడా కనపడలేదు. బుద్ధిమంతుడి నిజం గతుకుల రోడ్డులా ఉంటుంది గనక ప్రతి గతుక్కీ ఒక ప్రశ్న పడుతుంది, అనుభవజ్ఞుడి అబద్ధం మాత్రం కొత్తగా వేసిన బైపాస్.

ఇక అసలు లెక్క ఇవ్వనివాళ్ల సంగతి. 2008లో చేసిన గణాంకాల సేకరణ చట్టంలో, వివరాలు ఇవ్వకపోతే మనిషికి వెయ్యి రూపాయల దాకా, కంపెనీ అయితే ఐదువేల దాకా జరిమానా అని రాసుకున్నారు. మా వైపు కాస్త దగ్గర బంధువుల పెళ్లిలో చదివింపులు ఇంతకంటే ఎక్కువవుతాయి. ఇచ్చినవాళ్ల లెక్క బయటికి రావడానికీ ఓపిక కావాలి. 2020-21 సర్వే ఫలితాలు 2024 ఫిబ్రవరిలో వచ్చాయి. మాస్కులు కట్టుకు తిరిగిన ఏడాది సంగతులు, ఆ మాస్కులు ఏ సొరుగులో పడేశామో మర్చిపోయాక తెలిశాయన్నమాట. తర్వాత కాస్త పరుగందుకున్నారు లెండి, 2022-23 ఫలితాలు అదే 2024 సెప్టెంబరుకే ఇచ్చేశారు.

అంకెలు పోట్లాడుకోకపోతే ఎంత ప్రమాదమో చెప్పడానికి ఒక తియ్యటి ఉదాహరణ ఉంది. 2012 జనవరి నెలకి దేశంలో పారిశ్రామికోత్పత్తి 6.8 శాతం పెరిగిందని మార్చిలో ప్రకటించారు. అందరూ సంతోషించారు. ఏప్రిల్లో సవరణ వచ్చింది: పెరిగింది 1.1 శాతమే. మధ్యలో ఏమైందంటే, ఆ నెల చక్కెర ఉత్పత్తి 58.09 లక్షల టన్నులు అని ఉండాల్సిన చోట 134.08 లక్షల టన్నులు అని పడింది. అంటే కాగితం మీద 76 లక్షల టన్నుల పంచదార ఊరికే పుట్టుకొచ్చింది! ఇంట్లో డబ్బాలో పంచదార రెండు చెంచాలు తగ్గితే మా ఆవిడ పట్టేస్తుంది. మామూలు మనిషికి షుగర్ రిపోర్టులో అంత అంకె కనపడితే ఇంకో ల్యాబులో మళ్లీ టెస్టు చేయించుకుంటాడు, దేశానికి షుగర్ పెరిగితే మాత్రం ప్రెస్ నోట్ ఇచ్చారు. తప్పు ఒప్పుకుని దిద్దుకున్నారు గదా అంటారా, నిజమే, అది గొప్ప సంగతే. 2024 నవంబరు బంగారం దిగుమతుల్ని కూడా అలాగే దిద్దుకున్నారు, మొదట 1480 కోట్ల డాలర్లన్నది తర్వాత 984 కోట్ల డాలర్లయింది. దాదాపు 500 కోట్ల డాలర్ల బంగారం కరిగిపోయింది. అక్షయ తృతీయ కూడా కాదు పాపం.

కంపెనీల సంగతి ఇంకా పై లోకానిది. 2015లో జీడీపీని 2011-12 ఆధారంగా కొత్తగా లెక్కకట్టినప్పుడు, కంపెనీలు ఆన్‌లైన్లో దాఖలు చేసే పద్దుల్ని వాడటం మొదలుపెట్టారు. మంచి ఆలోచనే. కానీ అన్ని కంపెనీలూ టైముకి పద్దులివ్వవు కదా, అందుకని ఇచ్చినవాళ్ల లెక్క తీసుకుని, మూలధనం నిష్పత్తిలో ఊది, ఇవ్వనివాళ్లకీ సరిపోయేలా పెద్దది చేశారు. క్లాసులో రానివాడికి కూడా వచ్చినవాళ్ల సగటు మార్కులు వేసినట్టు. అలా ఉండగా ఆ కంపెనీల జాబితా నుంచే కొన్నిటిని తీసి, 2016-17లో సేవారంగ సర్వే కోసం మనుషులు బయల్దేరి అడ్రసులు పట్టుకుని వెళ్లారు. 2019లో ఆ నివేదిక వచ్చింది. మూడో వంతుకు పైగా కంపెనీలు అసలు దొరకలేదు, లేదా జాబితాలో ఉన్న వ్యాపారం ఒకటైతే చేస్తున్నది ఇంకోటి. దీనివల్ల జీడీపీకి ఢోకా ఏమీ లేదని ప్రభుత్వం వివరణ ఇచ్చింది. నాకూ అందులో ఆశ్చర్యమేమీ కనపడలేదు. మన పురాణాల్లో అశరీరవాణి మాట్లాడితే ఎవరూ అడ్రసు అడగలేదు, దాని మాట చెల్లింది కూడా.

2025 నవంబరులో అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) వాళ్లు మన జాతీయ ఖాతాల లెక్కలకి, అంటే జీడీపీ లాంటివాటికి, 'సి' గ్రేడు ఇచ్చారు, పోలికకి పట్టుకున్న ఆధార సంవత్సరం 2011-12 పాతబడిపోయిందన్నది వాళ్ల ఫిర్యాదుల్లో ఒకటి. సగటు తెలుగు తండ్రిగా నేనడిగే ప్రశ్న ఒక్కటే: పక్కింటివాడికెంతొచ్చింది?

ఇంతకీ కంపెనీలూ ఫ్యాక్టరీలూ పైపైన తేలే మీగడ. అసలు పాలు కింద ఉన్నాయి. కంపెనీగా రిజిస్టరు కాని చిన్న చిన్న వ్యాపారాల మీద ఇప్పుడు ప్రతి ఏటా సర్వే చేస్తున్నారు, 2023-24లో అలాంటివి 7.34 కోట్లు తేలాయి, వాటిలో పనిచేసేవాళ్లు 12 కోట్లకు పైనే. అన్నిటినీ అడగలేరు గనక ఐదు లక్షలకు కాస్త తక్కువ కొట్లని అడిగారు. అంటే సగటున ఒక్కొక్కరూ నూట యాభై మంది తరఫున మాట్లాడినట్టు. ఎమ్మెల్యేకి కూడా ఇంత దర్జా లేదు, ఆయన్ని అందరూ కలిసి ఎన్నుకోవాలి, ఇక్కడ శాంపిల్లో పేరొస్తే చాలు. మొన్న వేసవిలో ఆ పదవి తెనాలిలో టిఫిన్ సెంటర్ నడిపే మా బాబాయ్‌ని వరించింది.

నేనక్కడే ఉన్నాను. పదకొండు దాటింది, రష్ తగ్గింది. ట్యాబ్ పట్టుకుని ఒక కుర్రాడు వచ్చాడు, ఎండలో తిరిగి తిరిగి మొహం వాడిపోయి ఉంది, పిన్ని ముందు మజ్జిగ ఇచ్చింది. పద్ధతైన మనిషి. ఈ వివరాలు గణాంకాలకే వాడతామండీ, ఇన్‌కంటాక్స్‌కీ జీఎస్టీకీ ఇవ్వం, చట్టం ఒప్పుకోదు అని ఓపిగ్గా చెప్పాడు. అది అక్షరాలా నిజం. బాబాయ్ "అలాగే సార్" అన్నాడు, ఒక్క ముక్క నమ్మకుండా.

మొదట ఇది ఏ రకం వ్యాపారమో తేలాలి. ఇడ్లీ వేసి అమ్మితే సేవ, పిండి రుబ్బి కిలో లెక్కన అమ్మితే తయారీ, పక్కన పెట్టిన కూల్‌డ్రింకులు కొని అమ్మితే వర్తకం. మూడూ చేస్తాడు బాబాయ్. ఏది ఎక్కువైతే అది అన్నాడు కుర్రాడు. సేవ ఖాయమైంది, బాబాయ్ కాస్త ఛాతీ విరిచాడు.

"నెలకి అమ్మకం ఎంతుంటుందండీ?"

"ఏదో గడిచిపోతోంది సార్."

"అంటే రోజుకి సుమారుగా?"

"వెయ్యి, పన్నెండొందలు. అదీ ఆదివారాలు."

సరిగ్గా అప్పుడే కౌంటరు మీదున్న పేమెంట్ స్పీకరు డబ్బా "నూట అరవై రూపాయలు వచ్చాయి" అంది. కాసేపాగి "రెండొందల నలభై" అంది. బాబాయ్ మొహంలో ఏ మార్పూ లేకుండా చెయ్యి చాపి దాని గొంతు తగ్గించాడు. కుర్రాడు విన్నాడు, నేనూ విన్నాను, కానీ డబ్బా చెప్పింది రాసుకోవడానికి ట్యాబ్‌లో గడి లేదు.

ఆ కుర్రాడికి ట్రైనింగ్ బాగా ఇచ్చినట్టున్నారు, అమ్మకం వదిలేసి ఖర్చు వైపు నుంచి వచ్చాడు. ఇడ్లీ మెత్తగా బాగుందండీ, రోజుకి రవ్వ ఎంత పోస్తారు అన్నాడు. బాబాయ్‌కి ఒకే ఒక బలహీనత, వంట గురించి అడిగితే అబద్ధం చెప్పలేడు. "ఆరు కిలోల రవ్వ, మూడు కిలోల మినప్పప్పు సార్, ఒకటికి రెండు, గ్రాము తేడా రాకూడదు. చట్నీకి పల్లీలు మూడు కిలోలు." దోసెల నూనె, గ్యాసు, పార్సిల్ కవర్లు అన్నీ వరసగా చెప్పేశాడు. ట్యాబ్ ఎర్రబడింది. రాబడి కంటే ఖర్చు ఎక్కువ, సరిచూడండి అంటోంది.

"ఇంత నష్టంలో ఎలా నడుపుతున్నారండీ?" అనడిగాడు కుర్రాడు, నిజంగానే జాలిపడి.

బాబాయ్ ఒక్క క్షణం ఆలోచించాడు. "పోనీ రవ్వ రెండు కిలోలే రాసుకోండి సార్."

పప్పు కిలోకి దిగింది, పల్లీలు అరకిలో అయ్యాయి. ఎరుపు పోయింది. ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆ మొత్తం సంభాషణలో నోరు జారి వచ్చిన నిజాలు అవే, నాణ్యత తనిఖీలో అవే ఫెయిలయ్యాయి. కుర్రాడి తప్పేముంది, సాయంత్రంలోగా ఇంకా నాలుగు కొట్లు తిరగాలి.

"పనిచేసేవాళ్లు ఎంతమందండీ?"

"నేనొక్కణ్ణే సార్."

లోపల గ్రైండరు కడుగుతున్న చప్పుడు ఆగిపోయింది. పిన్ని తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. "తెల్లారుజామున నాలుక్కి లేచి పిండి పట్టేది ఎవరో కూడా అడగండి బాబూ" అంది. కుర్రాడికి ఇలాంటివి అలవాటేమో, నవ్వి, జీతం లేని కుటుంబ సభ్యులకు వేరే గడి ఉందమ్మా అన్నాడు. అందులో ఒకటి అని నొక్కాడు. మీకిచ్చే జీతం అని అడగబోయి, తనే సున్నా కొట్టాడు. పిన్ని తొంగిచూసి, "అది మాత్రం కరెక్టుగా రాశారు" అని లోపలికెళ్లిపోయింది.

ఆ కుర్రాడు వెళ్లాక బాబాయ్ చేసిన పని చూసి నేను చేతులెత్తి మొక్కాను. గోడకున్న క్యాలెండరు తీసి, వెనకవైపు పెన్సిల్‌తో రవ్వ 2, పప్పు 1, పల్లీ అర, అమ్మకం 1200, పనివాళ్లు 2 అని వరసగా రాసుకుని మళ్లీ తగిలించాడు. వారం తర్వాత పెద్ద సారు వచ్చారు, కుర్రాడు నిజంగా వచ్చాడా, చెప్పిందే రాశాడా అని సరిచూసుకోవడానికి. అవే ప్రశ్నలు మళ్లీ అడిగారు. బాబాయ్ క్యాలెండరు వైపు ఓరగా చూస్తూ తడబడకుండా అవే జవాబులు చెప్పాడు. సారు చాలా సంతోషపడ్డారు, రెండు ప్లేట్ల ఇడ్లీ తిని ఫోన్లో డబ్బులు కొట్టారు, గొంతు తగ్గించిన డబ్బా ఏదో గొణిగింది. వెళ్తూ వెళ్తూ, "మీ డేటా చాలా కన్సిస్టెంట్‌గా ఉందండీ" అన్నారు.

రాత్రి బాబాయ్ నాకు ఫోన్ చేశాడు. "ఒరే, కన్సిస్టెంట్ అంటే తిట్టా, పొగడ్తా?"

"పొగడ్తే బాబాయ్."

"అట్లయితే సరే" అని, ఫోన్ పెట్టకుండానే లోపలికి కేకేశాడు. "ఏమేవ్, ఆ క్యాలెండరు ఏడాది అయిపోయాక పారెయ్యకు, మళ్లీ వస్తారంట!"