వెయ్యి అడుగుల కింద క్రిములకు ప్రవేశం లేదు

నీళ్ల ట్యాంకరు వెనక రాత చదివే ఉంటారు: ‘1000 అడుగుల బోరు నీరు. క్రిములుండవు.’ ఎందుకుంటాయి? 999వ అడుగు దగ్గర వాచ్‌మన్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు కదా. ‘ఎవరు కావాలి?’ ‘కింద మా చుట్టాలున్నారండీ.’ ‘ఆధార్ ఉందా?’ ‘ఉందండీ, అడ్రసే, మున్సిపల్ డ్రైనేజీ...’ ‘వెళ్లెళ్లు!’ క్రిమి తల దించుకుని వెనక్కి పాకుతుంది.

దక్షిణాఫ్రికాలోని మ్పొనెంగ్ బంగారు గనిలో ఈ వాచ్‌మన్‌ను పెట్టలేదు పాపం. అక్కడ 2.8 కిలోమీటర్ల లోతున, 60 డిగ్రీల వేడిలో, రాతి పగుళ్ల నీట్లో డీసల్ఫోరూడిస్ ఆడాక్స్‌వియేటర్ అనే బాక్టీరియా దర్జాగా కాపురముంటోంది. ఆ నీట్లోని జీవుల్లో 99.9 శాతానికి పైగా అదొక్కటేనని 2008లో తేల్చారు. ఎండ అక్కర్లేదు, ఆక్సిజన్ అక్కర్లేదు. రాతిలోని యురేనియం రేడియేషన్‌కి నీరు విరిగి హైడ్రోజన్ పుడుతుంది. అదే దాని తిండి. మనం ఆక్సిజన్ పీల్చినట్టు అది సల్ఫేటుతో గడిపేస్తుంది. ట్యాంకరు వెనక రాత చదివుండదు.

‘టెస్టు చేయించాం సార్!’ చేయించారు. మోటారు వేసిన మొదటి నిమిషంలో కూల్‌డ్రింకు సీసాలో పట్టి, స్కూటర్ డిక్కీలో ఒక రాత్రి నిద్ర చేయించి, ల్యాబుకిచ్చారు. ఆరున్నర అంగుళాల బోరులో అడుగుకి ఆరున్నర లీటర్లు పడతాయి. 300 అడుగుల నీరు నిలిచుంటే దాదాపు 2,000 లీటర్లు. దానికి మూడింతలు తోడేసి, ఈసీ (నీటి విద్యుత్ వాహకత), పీహెచ్, ఉష్ణోగ్రత నిలకడకొచ్చాక, స్టెరైల్ సీసాలో పట్టి ఐసుపెట్టెలో పంపాలి. అంతకుముందు వచ్చేది నిలవ నీరు, పైపు గోడల జిగురు. ఇక నీళ్లలో మురుగు కలిసిందేమో చూసే హెచ్‌టుఎస్ సీసా నల్లబడిందా, బోరు ఓనరు రాత్రికి రాత్రే శాస్త్రవేత్త: ‘అవి లోతులో ఉండే సల్ఫేటు బాక్టీరియా సార్, సహజం.’ నిజమే, వాటివల్లా నల్లబడొచ్చు. మరి పేగుల్లోంచి వచ్చే ఈ.కోలై పరీక్ష చేయించవేం? వాచ్‌మన్ ఏమయ్యాడు?

గ్రానైటు నేలలో బోరు లోతు వేరు, నీటి లోతు వేరు. 120 అడుగుల దగ్గర పగులు తగిలితే నీళ్లు అక్కణ్నుంచే వస్తాయి. మిగతా 880 అడుగులు ఉత్త రాయి. బోరు గోడ కూలకుండా వేసే కేసింగ్ పైపు గట్టి రాయి దాకా దించి, చుట్టూ సందులో సిమెంటు పోయాలి. వీళ్లు రెండు పైపులు మిగులుతాయని పైనే ఆపేసి, సందులో మట్టి తోసి, పదడుగుల దూరంలో సెప్టిక్ ట్యాంకు తవ్వుతారు. వాన పడిన మర్నాడు ఆ సందులోంచి దిగేదేమిటో వీళ్లకి తెలుసు. తెలిసే హాస్టల్ పిల్లల సంపులోకి పైపు వదులుతారు. సిగ్గులేని మనుషులు! ట్యాంకరు వెనక ఆ అక్షరాలకి పెట్టిన రంగు డబ్బులతో రెండు బస్తాల సిమెంటొచ్చేది.