దారులు తెరిచి, ఊళ్లను మరిచి

2020 ఏప్రిల్‌లో ఐరోపా అంతా తలుపులు బిగించుకుని కూర్చున్న వేళ, రుమేనియాలోని క్లుజ్ విమానాశ్రయం ముందు వందల మంది సంచులు పట్టుకుని బారులు తీరారు. దూరదూరపు పల్లెల నుంచి బస్సుల్లో వచ్చిన వ్యవసాయ కూలీలు వారు. జర్మనీలో ఆస్పరాగస్ అనే కూరగాయ పంట కోతకు వచ్చింది, కోసే మనుషులు లేరు. అందుకని వారికోసం ప్రత్యేక విమానాలు ఎగిరాయి. రెండు నెలలు గడిచాయో లేదో, జర్మనీలోనే ఒక భారీ మాంసం కర్మాగారంలో వెయ్యిన్నర మందికి పైగా కార్మికులకు కరోనా సోకింది. ఇరుకు గదుల్లో ఒకరి మీద ఒకరుగా బతుకుతున్న రుమేనియన్లు, బల్గేరియన్లు అప్పుడు గానీ లోకం కంట పడలేదు. ఆ రంగంలో కార్మికులను ఉప గుత్తేదార్ల చేతికి అప్పగించే పద్ధతిని జర్మనీ 2021 జనవరి నుంచి నిషేధించింది. మంచి పనే. కానీ దానికి ఒక మహమ్మారి రావలసి వచ్చింది.

ఐరోపాలో స్వేచ్ఛగా ఒక దేశం నుంచి మరో దేశానికి వెళ్లి బతికే హక్కు గురించి మాట్లాడేటప్పుడు మాకు మొదట గుర్తొచ్చేది ఈ దృశ్యమే. ఆ హక్కు గొప్పదని మేము మనస్ఫూర్తిగా నమ్ముతున్నాం. 1957 నాటి రోమ్ ఒప్పందం దానిని కార్మికులకు వాగ్దానం చేసింది. 1993లో అమలులోకి వచ్చిన మాస్ట్రిక్ట్ ఒప్పందం ఐరోపా సమాఖ్య పౌరసత్వాన్ని సృష్టించి, పౌరులందరికీ విస్తరించింది. రెండు ప్రపంచ యుద్ధాల్లో ఒకరినొకరు చంపుకొన్న జాతుల పిల్లలు ఇవాళ ఎవరి అనుమతీ అడగకుండా పొరుగు దేశంలో ఉద్యోగం వెతుక్కుంటున్నారు, స్థానికుడితో సమానంగా జీతం అడుగుతున్నారు. దీనిని షెంజెన్‌తో కలిపి గందరగోళపడేవారు చాలామంది. 1985లో మొసెల్ నది మీద ఒక నౌకలో సంతకాలైన షెంజెన్ ఒప్పందం సరిహద్దు తనిఖీలను ఎత్తివేయడానికి సంబంధించింది. ఐర్లండ్ అందులో లేదు, అయినా అక్కడ పోలండ్ పౌరుడు హక్కుగా స్థిరపడవచ్చు. తనిఖీ లేకపోవడం ఒక సౌకర్యం. బతకనివ్వడం హక్కు. మా చర్చ ఈ రెండో దాని గురించి.

ప్రజలు దీనిని ఎలా చూస్తున్నారు? సమాఖ్య జరిపే యూరోబారోమీటర్ సర్వేల్లో పదిమందిలో దాదాపు ఎనిమిది మంది ఈ స్వేచ్ఛను సమర్థిస్తున్నారు. అయితే అదే ఐరోపాలో, 2005లో ఐరోపా సమాఖ్య రాజ్యాంగ ఒప్పందంపై ఫ్రాన్స్ ప్రజలు ఓటు వేసినప్పుడు, తక్కువ కూలికి వచ్చి పనులు లాక్కుపోతాడనే ‘పోలండ్ ప్లంబర్’ ఊరూరా దెయ్యమై తిరిగాడు. ఒప్పందం ఓడిపోయింది. సమాఖ్యలో సభ్యదేశం కాని స్విట్జర్లాండ్ ప్రజలు 2014లో 50.3 శాతం ఓట్లతో వలసలకు పరిమితి కోరారు. ఆరేళ్ల తర్వాత, సమాఖ్యతో స్వేచ్ఛా రాకపోకల ఒప్పందాన్నే రద్దు చేద్దామా అని అడిగితే దాదాపు 62 శాతం మంది వద్దన్నారు. దీనిని చపలత్వమని కొట్టిపారేయడం సులువు. మాకు అలా అనిపించదు. తన కొడుకు పొరుగు దేశంలో చదువుకోవాలని కోరుకునే తల్లే, తన ఊరి ఆసుపత్రిలో వరుస ఎందుకు పెరిగిందని కూడా అడుగుతుంది. ఆ రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. రెండో ప్రశ్నకు ప్రభుత్వాలు సమాధానం చెప్పలేదు.

బ్రిటన్ కథలో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. 2004 మే 1న తూర్పు ఐరోపాకు చెందిన ఎనిమిది దేశాలతో సహా పది దేశాలు సమాఖ్యలో చేరాయి. కొత్తవారిని పనిలోకి రానివ్వడానికి పాత సభ్య దేశాలకు ఏడేళ్ల దాకా గడువు తీసుకునే వీలుండేది. జర్మనీ, ఆస్ట్రియా పూర్తిగా వాడుకున్నాయి. మొదటి రోజునే తలుపులు తీసినవి బ్రిటన్, ఐర్లండ్, స్వీడన్ మాత్రమే. ఏటా నికరంగా, అంటే వెళ్లిపోయేవారిని తీసేస్తే, 5 వేల నుంచి 13 వేల మంది వస్తారని బ్రిటన్ ప్రభుత్వం కోసం చేసిన అంచనా. మిగతా పెద్ద దేశాలూ తలుపులు తీస్తాయన్న ఊహ మీద కట్టిన లెక్క అది. అవి తీయలేదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో పోలండ్‌లో పుట్టినవారు 2001లో 58 వేల మంది ఉంటే, 2011 జనగణన నాటికి 5.79 లక్షలయ్యారు.

ఇంగ్లండ్‌లో లింకన్‌షైర్ ప్రాంతంలోని బోస్టన్ చిన్న పట్టణం. చుట్టూ క్యాబేజీ, కాలీఫ్లవర్ పండే నల్లరేగడి లాంటి సారవంతమైన నేల, కూరగాయలు కట్టే షెడ్లు. పదేళ్లు తిరగకుండానే ఆ పట్టణంలో ప్రతి పదిమందిలో ఒకరు సమాఖ్యలో కొత్తగా చేరిన దేశాల నుంచి వచ్చినవారయ్యారు. వచ్చినవారు కష్టజీవులు. పొలం యజమానులకు లాభం చేరింది, సూపర్ బజార్లలో కూరలు చవకగా దొరికాయి, పన్నులు లండన్‌లోని ఖజానాకు వెళ్లాయి. బోస్టన్‌కు మిగిలింది డాక్టరు కోసం నిరీక్షణ, పెరిగిన ఇంటి అద్దె, బడిలో ఇంగ్లిష్ రాని పిల్లల కోసం కావలసిన అదనపు టీచర్ల కొరత. వలసల ఒత్తిడి ఉన్న ప్రాంతాలకు సాయంగా 2009లో ప్రభుత్వం ఒక ప్రత్యేక నిధి పెట్టింది. చిన్నదే అయినా దారి సరైనది. మరుసటి ఏడాది వచ్చిన ప్రభుత్వం పొదుపు పేరుతో దానిని రద్దు చేసింది. బ్రిటన్ సమాఖ్యలో ఉండాలా, వీడాలా అని 2016 జూన్ 23న ప్రజలను అడిగినప్పుడు బోస్టన్‌లో 75.6 శాతం మంది సమాఖ్యను వీడాలని ఓటేశారు, దేశంలో అదే అత్యధికం. తరతరాలుగా వలసలకు అలవాటుపడిన లండన్‌లో దాదాపు 60 శాతం మంది ఉండిపోదామన్నారు. విదేశీయుల సంఖ్యే కోపానికి కారణమైతే మొదట మండవలసింది లండన్. మార్పు వచ్చిన వేగం, దాన్ని తట్టుకోవడానికి సాయం అందకపోవడం బోస్టన్‌ను మండించాయి.

వలసలపై బ్రిటన్ ప్రభుత్వానికే సలహా ఇచ్చే కమిటీ 2018లో తేల్చిన విషయం ఇక్కడ చెప్పాలి. ఐరోపా నుంచి వచ్చినవారు తాము పొందిన సేవల కంటే ఎక్కువే పన్నులు కట్టారు, స్థానికుల ఉద్యోగాలకు చెప్పుకోదగ్గ గండి కొట్టలేదు. ఈ మాటను గెలుపుగా చాటుకునే పండితులు ఒకటి మరిచారు. దేశం సగటున లాభపడిందంటే బోస్టన్ లాభపడిందని అర్థం కాదు. సగటు లోతు మోకాలి దాకానే అన్న నదిలోనూ మనిషి మునిగిపోతాడు.

నది అవతలి ఒడ్డు గురించి, అంటే మనుషులను పంపే దేశాల గురించి మాట్లాడేవారు మరీ తక్కువ. బల్గేరియా జనాభా 1985లో దాదాపు 90 లక్షలు, 2021 జనగణనలో 65 లక్షలు. జననాలు తగ్గడం ఒక కారణం, వలసలు మరొకటి. డబ్బు ఇంటికి వస్తుంది, నిజమే. రుమేనియా పల్లెల్లో ఆ డబ్బుతో కట్టిన కొత్త ఇళ్లున్నాయి. వాటిలో అమ్మమ్మల దగ్గర పెరిగే పిల్లలు ఉన్నారు, వారి తల్లులు ఇటలీలో ఎవరో ముసలివారికి అన్నం తినిపిస్తున్నారు. పేద దేశపు పన్నులతో చదువుకున్న డాక్టర్లు సంపన్న దేశపు ఆసుపత్రుల్లో చేరారు. వారిని ఆపుకోవడానికి రుమేనియా 2018లో ప్రభుత్వ వైద్యుల జీతాలను ఒక్కసారిగా భారీగా పెంచవలసి వచ్చింది. ఒక డాక్టరును తయారు చేసిన ఖర్చులో చిల్లిగవ్వ కూడా తిరిగి ఇవ్వకుండా సేవ పొందడం సంపన్న దేశాలకు సిగ్గుచేటని మా అభిప్రాయం.

తలుపు మూస్తే సమస్య తీరుతుందా? బ్రిటన్ మూసి చూసింది. సమాఖ్యను వీడిన ఆ దేశానికి 2020 డిసెంబరు 31తో స్వేచ్ఛా రాకపోకలు ముగిశాయి. 2021 శరదృతువులో లారీ డ్రైవర్లు లేక పెట్రోలు బంకులు ఎండిపోతే, అదే ప్రభుత్వం డ్రైవర్లకు 5 వేల తాత్కాలిక వీసాలు ప్రకటించింది. వృద్ధుల సంరక్షణకు మనుషులు కరువై 2022లో ఆ పనికీ వీసాల దారి తెరిచింది. ఐరోపా నుంచి వచ్చేవారు తగ్గారు, భారత్, నైజీరియాల నుంచి వచ్చేవారు పెరిగారు. 2023 జూన్‌తో ముగిసిన ఏడాదిలో నికర వలస 9 లక్షలు దాటింది.

మన పిల్లలు ఈ కథలోకి వచ్చింది ఇక్కడే. మాస్టర్స్ చదువుకని వెళ్లి, అప్పు తీర్చడానికి సంరక్షణ కేంద్రాల్లో చేరిన తెలుగు యువతీ యువకులు ఉన్నారు. పని చూపిస్తామంటూ ఏజెంట్లు లక్షలు గుంజారు. పోలండ్ కార్మికుడు యజమాని జీతం ఎగ్గొడితే మరుసటి రోజే మరో చోట చేరగలిగేవాడు, ఎందుకంటే అతడికి ఉన్నది హక్కు. మనవారికి ఉన్నది యజమాని పేరుతో ముడిపడిన అనుమతి. విదేశీయులను పనిలో పెట్టుకోవడానికి ఆ యజమానికి ఉన్న లైసెన్సు రద్దయితే ఇంకొకరిని వెతుక్కోవడానికి సాధారణంగా 60 రోజులు. యజమాని చేతిలో పాస్‌పోర్టు చిక్కుకున్న గల్ఫ్ వలస కుటుంబాలకు ఈ భయం ఎలా ఉంటుందో వివరించనక్కరలేదు. 2024 మార్చి నుంచి సంరక్షణ కార్మికులు భార్యాపిల్లలను తీసుకురాకుండా, 2025 జులై నుంచి విదేశాల నుంచి కొత్తవారు ఆ పనికి రాకుండా బ్రిటన్ ఆపేసింది. ఏరు దాటించిన తెప్పను తగలేయడం ఇదే. పని చేసేవాడికి హక్కు లేకుండా చేయడం వల్ల స్థానికుడి కూలి పెరగదు. నోరెత్తలేని కార్మికుడే చవక కార్మికుడు.

ఇప్పుడు సమాఖ్యలోనూ గాలి మారుతోంది. జర్మనీ 2024 సెప్టెంబరు నుంచి తన భూ సరిహద్దులన్నిటి మీదా తనిఖీలు పెట్టింది, పోలండ్ 2025 జులైలో బదులుగా తానూ పెట్టింది. శరణార్థుల మీద కోపం ఇది. దాని దెబ్బ మాత్రం రోజూ సరిహద్దు దాటి పనికి వెళ్లే నర్సులకు, వడ్రంగులకు తగులుతోంది.

2028 నుంచి ఏడేళ్లకు దాదాపు 2 లక్షల కోట్ల యూరోల బడ్జెట్‌ను ఐరోపా కమిషన్ 2025 జులైలో ప్రతిపాదించింది. ప్రాంతీయ, వ్యవసాయ నిధులను కలిపి ఒక్కో దేశ ప్రభుత్వం చేతిలో ఒక్కో ప్రణాళికగా పెట్టాలన్నది అందులోని ముఖ్యాంశం. మా ఆందోళన అక్కడే. రాజధానికి చేరిన డబ్బు బోస్టన్ లాంటి పట్టణాలకు చేరదని 2010లోనే చూశాం. జనాభా ఒక్కసారిగా పెరిగిన పట్టణాలకు బడి, ఆసుపత్రి, ఇళ్ల కోసం, జనాభా తరిగిపోతున్న జిల్లాలకు డాక్టర్ల జీతాల కోసం, నేరుగా పురపాలక సంఘం ఖాతాలో పడే వాటాను ఆ బడ్జెట్‌లోనే విడిగా రాయాలి. ఏ ఊరికి ఎందరు వచ్చారో, ఏ ఊరి నుంచి ఎందరు వెళ్లారో ప్రభుత్వాల దగ్గర లెక్కలున్నాయి. ఆ లెక్కల ప్రకారమే పంచాలి.