ఆరు గంటలు కాపలా కాసింది నేను, రిజల్ట్ మాత్రం అలమరలో

టైము తెల్లవారుజాము మూడున్నర. నాకు నిద్ర లేదు. కాబట్టి పొద్దున లేవగానే మీరు మొదట చదివేది నా ఏడుపే కావాలి.

రాత్రి ఎనిమిదింటికి బిల్లుల ఫోల్డర్ తెరవబోయాను. కరెంటు బిల్లులు, రసీదులు, మీటర్ రీడింగ్ ఫొటోలు, ఇలా ఎప్పుడో పనికొస్తాయని పడేసే సరంజామా అంతా అందులోనే. "ఫైలు పాడైంది, చదవడం కుదరదు" అంది. అప్పుడే లాప్‌టాప్ ఎడమ మూల నుంచి గోరుతో బల్ల మీద కొట్టినట్టు టిక్కు... టిక్కు. పాత లాప్‌టాప్, తిరిగే హార్డ్ డిస్కు. (ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాల్లేని డిస్కు, వేయించుకోవచ్చుగా అని టైప్ చేయబోతున్న మహానుభావులకి ఇక్కడి నుంచే ఒక దండం.)

సరే, చెక్ చేద్దామని విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్, అంటే ఆదేశాలు టైప్ చేసే నల్ల కిటికీ, తెరిచాను. అదీ అడ్మినిస్ట్రేటర్‌గా తెరవాలి, లేకపోతే గడప కూడా తొక్కనివ్వదు. డిస్కుని పరీక్షించే ఆదేశం కొట్టాను: చెక్‌డిస్క్, సీ డ్రైవ్, స్లాష్ ఆర్. స్లాష్ ఎఫ్ అయితే ఫైళ్ల లెక్కల పుస్తకాన్ని మాత్రమే సరిచేస్తుంది. స్లాష్ ఆర్ అయితే అది కూడా చేసి, ఆపైన డిస్కు మీద ప్రతి సెక్టరూ, అంటే ప్రతి చిన్న గడీ, చదివి చూస్తుంది. "డ్రైవ్ వాడకంలో ఉంది, ఈసారి రీస్టార్ట్ అయినప్పుడు చెక్ చేయమంటారా" అని అడిగింది. ఎంత మర్యాద! వై కొట్టాను.

నల్ల తెర. కింద ఒకటే లైను. స్కానింగ్ అండ్ రిపేరింగ్, 11 శాతం.

ఆ 11 దగ్గర పీట వేసుకుని కూచుంది. ముప్పావు గంట. మధ్యలో ఆపితే ఏమవుతుందో తెలుసు కాబట్టి ముట్టుకోను, చార్జర్ ఊడితే కొంప మునుగుతుంది కాబట్టి లేవను. పురిటిగది బయట మొగుడిలా నా అవస్థ. తర్వాత 12. ఆ తర్వాత, ఎవరో వెనక నుంచి తోసినట్టు, ఏకంగా 27. మళ్లీ కూచోవడం. అర్ధరాత్రి దాటింది. రెండు కావస్తుండగా 90లు దాటింది. కళ్లు మండుతున్నాయని వెళ్లి మొహం కడుక్కుని వచ్చాను. రెండే రెండు నిమిషాలు.

వచ్చేసరికి లాగిన్ స్క్రీన్. సముద్రం బొమ్మ, టైము, తేదీ. అంతే.

ఆరు గంటలండీ! నాడి పట్టుకుని ఆరు గంటలు కూచున్న వైద్యుడు, నేను మొహం కడుక్కోడానికి వెళ్లగానే గోడ దూకి పారిపోయాడు. ఏమైందో చెప్పడు. బతుకుతుందో లేదో చెప్పడు. కనీసం "చూశాను" అని ఒక చీటీ కూడా పెట్టడు. వెళ్లి డ్రైవ్ మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్, టూల్స్, చెక్ నొక్కితే "ఈ డ్రైవ్‌ని స్కాన్ చేయాల్సిన పని లేదు, ఎర్రర్లేవీ కనబడలేదు" అని నవ్వుమొహం పెట్టింది. ఎప్పుడు కనబడలేదు? ఇప్పుడా? రిపేర్ చేశాకా? రిపేర్ చేయకముందు ఉన్నాయా? ఉంటే ఏ ఫైల్లో? ఇవన్నీ అడగడానికి నువ్వెవరు అన్నట్టు క్లోజ్ అనే బటన్ ఒకటి.

అసలు రిజల్ట్ ఎక్కడ పెడతారో తెలుసా? ఈవెంట్ వ్యూయర్ అని ఒకటుంది. పేరు విని ఏ పెళ్లి ఆల్బమో అనుకునేరు. కంప్యూటర్ తనలో తను గొణుక్కున్నదంతా రాసి పెట్టుకునే దస్త్రాల గది అది. ఫోన్ చేసి "మీ కంప్యూటర్లో వైరస్ ఉంది సార్" అని దోచుకునే దొంగలు జనాన్ని బెదరగొట్టడానికి తెరిపించేది ఇదే కిటికీ. ఎర్ర గుర్తులు, పసుపు గుర్తులు కుప్పలుగా ఉంటాయి. నిక్షేపంగా పనిచేసే మెషీన్‌లో కూడా ఉంటాయి. అంటే సొంతదారుకి దారి దొరకదు గానీ దొంగకి మాత్రం కొట్టిన పిండి.

లోపలికి వెళ్లాక విండోస్ లాగ్స్, అందులో అప్లికేషన్. గమనించండి. ఏ అప్లికేషనూ కళ్లు తెరవకముందే జరిగిన పనిని తీసుకెళ్లి అప్లికేషన్ అనే అలమరలో పెట్టారు. పక్కనే సిస్టమ్ అని ఇంకో అలమర ఉంది. నాకున్నట్టు మామూలు బుర్ర ఉన్నవాళ్లు అందులోనే వెతుకుతారు. నేను ఇరవై నిమిషాలు వెతికాను.

పోనీ అలమర దొరికింది, చీటీ మీద ఏం పేరుంటుంది? చెక్‌డిస్క్ అనుకుంటాం. కాదు. బూట్ అయ్యేటప్పుడు చెక్ చేస్తే, విండోస్ మొదలవడంలో పాలుపంచుకునే వినినిట్ అనే ప్రోగ్రాం పేరు మీద పడుతుంది. పాత విండోస్ ఎక్స్‌పీ కాలంలో, లాగిన్ చూసుకునే విన్‌లాగాన్ పేరు మీద పడేది. విండోస్ నడుస్తుండగా చెక్ చేస్తే మాత్రం అప్పుడు నిజంగానే చెక్‌డిస్క్ పేరుతో, 26212, 26226 లాంటి నంబర్లతో ఉంటుంది. అంటే మనిషి ఒకడే, పగలు ఒక పేరు, రాత్రి ఒక పేరు. మా వినినిట్ గారి నంబరు 1001. ఆహా దొరికింది కదా అని 1001 కొట్టి వడపోశాను. వందల ఎంట్రీలు! ఎందుకంటే ప్రోగ్రాములు కూలిపోయినప్పుడు పడే రిపోర్టులకి కూడా ఇదే 1001, ఇదే అలమర. అంకెలకేమైనా కరువొచ్చిందా నాయనా?

ఇంకా మండేది ఇప్పుడు చెప్తాను. నేను తెలివిగా ఎర్రర్ అన్నదానికి టిక్కు పెట్టి వెతికాను. ఎర్రర్ చెక్ రిజల్ట్ కదా, ఎర్రర్లలో ఉంటుందని. ఉండదు! డిస్కులో సగం పుచ్చిపోయినా సరే, ఆ చీటీ పడేది ఇన్ఫర్మేషన్ అనే తెల్లటి గుంపులో, నీలం ఐ గుర్తుతో, "ఊరికే తెలియజేస్తున్నాం" అన్నట్టు. ఇల్లు కాలిపోయిన వార్త శుభలేఖ కవర్లో పెట్టి పంపినట్టుంది.

అయినా ఈ చీటీ ఉండేదెన్నాళ్లు? ఆ అప్లికేషన్ లాగ్‌కి మామూలుగా ఉండే హద్దు 20 ఎంబీ. నిండితే పాతవి తుడిచేసి కొత్తవి రాసుకుంటుంది. ఇంకో కాపీ సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ అనే ఫోల్డర్లో చెక్‌డిస్క్ పేరుతో దాస్తుంది. దాన్ని తెరవబోతే యాక్సెస్ డినైడ్. డిస్కు నాది, లాప్‌టాప్ నాది, అడ్మిన్ నేను, రాత్రంతా కాపలా కాసింది నేను. తాళం మాత్రం నా దగ్గర లేదు.

విండోస్ 98 రోజులే నయమనిపించింది, నిజం. అప్పుడు స్కాన్‌డిస్క్ ఉండేది. కరెంటు పోయినా, అదంతట అది బిగుసుకుపోయినా, మళ్లీ ఆన్ చేయగానే నీలం తెర మీద "విండోస్‌ని సరిగ్గా షట్‌డౌన్ చేయలేదు, ఇలాంటివి మళ్లీ చూడకూడదంటే స్టార్ట్ మెనూ నుంచే షట్‌డౌన్ చేయండి" అని క్లాసు పీకేది. తప్పు దానిది, తిట్లు మనకి. కానీ తిట్టినా పని చేసి, స్కాన్‌డిస్క్ డాట్ లాగ్ అని ఒక ఫైలు సీ డ్రైవ్‌లో గుమ్మం దగ్గరే పెట్టేది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే చాలు. ఇన్నేళ్ల ప్రగతి తర్వాత తిట్లు మానేశారు, చెప్పడమూ మానేశారు.

ఇక్కడ నాకు మా బావగారు గుర్తొచ్చారు. రాకుండా ఎలా ఉంటారు!

2012లో ఇంట్లో డెస్క్‌టాప్ మొరాయిస్తే, మా అక్క "మీ బావకి కంప్యూటర్లు బాగా తెలుసే" అని పంపింది. ఆయన వచ్చారు, కుర్చీ లాక్కున్నారు, ఇదే చెక్‌డిస్క్ నడిపించారు. పూర్తయ్యాక నేను అడిగాను, "రిజల్ట్ ఏం వచ్చింది బావగారూ?" అని. "రిజల్ట్ ఏముంటుందమ్మా, చెక్ అయింది, ఓకే" అన్నారు. తర్వాత ఇంకో ముక్క కూడా అన్నారు: "ఫౌండ్ అని ఏదో చెత్త ఫోల్డర్ వచ్చిందిలే, నేనే తీసేశా." షిఫ్ట్ నొక్కి మరీ డిలీట్ చేశారట. రీసైకిల్ బిన్‌కి కూడా వెళ్లకుండా! మామూలుగా ఆ ఫోల్డర్ కంటికి కనబడదు, దాచిన సిస్టమ్ ఫైళ్లు కూడా చూపించమని సెట్టింగ్ మారిస్తేనే కనబడుతుంది. బావగారు అది మార్చుకుని మరీ వెతికి మరీ తీసేశారు. అంత శ్రద్ధ!

ఆ ఫౌండ్ డాట్ 000 చెత్త కాదు బావగారూ. లెక్కల పుస్తకంలో ఏ ఫోల్డర్‌కి చెందుతాయో తెలియకుండా పోయిన ఫైళ్లని చెక్‌డిస్క్ ఏరి తెచ్చి అందులో పెడుతుంది. పేర్లుండవు, ఫైల్ 0000 డాట్ సీహెచ్‌కే, 0001 డాట్ సీహెచ్‌కే అని అనాథల వరస. ఆ రోజు తర్వాత నాకు కెమెరా ఫొటోలు ఒక ఫోల్డర్ నిండా కనబడలేదు. అందులో అమ్మమ్మ కళ్లజోడు లేకుండా పేపర్ తలకిందులుగా పట్టుకుని, చదువుతున్నట్టు మాకు ఫోజిచ్చిన ఫొటో ఉంది. "కెమెరాలోంచి నువ్వే తుడిచేసుంటావులే" అన్నారాయన. ఇన్నేళ్లూ నేనూ అలాగే అనుకున్నాను. అక్క ఇప్పటికీ "పాపం, సాయం చేయడానికొచ్చిన మనిషిని అంటావేం" అంటుంది. అంటాను.

సరే, మళ్లీ నా చీటీ దగ్గరకి. చీటీ ఎవరి పేరు మీద పడిందో చెప్పే సోర్స్‌ల లిస్టులో కిందకి జరుగుతూ జరుగుతూ అట్టడుగున వినినిట్ పట్టుకుని టిక్కు పెట్టాను. ఒకే ఒక్క లైను మిగిలింది. నొక్కితే కింద అగ్గిపెట్టంత డబ్బాలో మొత్తం కథ. ఒకటో దశ ఫైల్ సిస్టమ్ నిర్మాణం, రెండోది ఫైళ్ల పేర్ల లింకులు, మూడోది సెక్యూరిటీ వివరాలు, నాలుగోది మన ఫైళ్లలో చెడిపోయిన చోట్లు, ఐదోది ఖాళీ జాగాలో చెడిపోయినవి. నాలుగో దశలో "చెడిన క్లస్టర్లు (అంటే సెక్టర్ల గుంపులు) మార్చాం" అని రెండు ఫైళ్ల పేర్లు. చివర్లో 8 కేబీ ఇన్ బ్యాడ్ సెక్టర్స్. దాని కింద ఇంటర్నల్ ఇన్ఫో అంటూ తాటాకు మీద రాసినట్టు అంకెలూ అక్షరాలూ కలిసిన నాలుగు వరసలు. అవి ఎవరి కోసమో ఆ దేవుడికే తెలియాలి.

8 కేబీయే కదా అని ఊపిరి పీల్చుకోకండి. చెక్‌డిస్క్ చూసేది ఫైల్ సిస్టమ్‌ని. డిస్కు తన ఆరోగ్యం చిట్టా తను వేరే రాసుకుంటుంది, స్మార్ట్ అంటారు. అందులో 5వ నంబరు ఇప్పటికే పక్కన పెట్టేసిన సెక్టర్ల లెక్క, 197 అనుమానంలో ఉన్నవి. చెక్‌డిస్క్ ఆ చిట్టా వైపు కన్నెత్తి చూడదు. అందుకే "ప్రాబ్లమ్స్ లేవు" అన్న మర్నాడే డిస్కు చచ్చిపోవచ్చు. ఇంకో మాట. టిక్కు టిక్కుమంటున్న డిస్కు మీద ముందు స్లాష్ ఆర్ నడపకూడదు. చావుబతుకుల్లో ఉన్నదాన్ని ప్రతి సెక్టరూ చదివించి పరిగెత్తించడం అది. ముందు కాపీ, తర్వాత చెక్. నేను తిరగేసి చేశాను. తిట్టుకోండి.

చీటీ చదివాక ఒక అనుమానం వచ్చి, దాచిన ఫైళ్లు చూపించమని సెట్టింగ్ మార్చి సీ డ్రైవ్‌లోకి వెళ్లాను. ఉంది. ఫౌండ్ డాట్ 000. లోపల ఒకే ఒక్క ఫైలు. ఇంకో చోటికి కాపీ చేసుకుని, చివర సీహెచ్‌కే తీసేసి జేపీజీ అని పెట్టాను. డబుల్ క్లిక్.

తెరుచుకుంది! కింది సగం బూడిద రంగు పలక. పై సగంలో మా మీటరు, పైన దుమ్ము, అద్దం మీద నా ఫోను నీడ. రీడింగు కూడా కనబడుతోంది. పేరు మారిస్తే చాలు, తెరుచుకుంది. అంత సులువు. ఎవడికి కావాలి ఈ మీటర్ రీడింగు?

ఇప్పుడు అన్నీ ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి కాపీ అవుతున్నాయి, 61 శాతం. ఈసారి మొహం కాదు కదా, చెయ్యి కడుక్కోడానికి కూడా లేవను. బావగారు ఐదింటికి వాకింగ్‌కి లేస్తారు. మీటర్ ఫొటో, ఫౌండ్ ఫోల్డర్ స్క్రీన్‌షాట్ రెండూ రెడీగా పెట్టుకుని కూచున్నాను.