రెక్కల సింహం గారూ, మీ నామినీ ఎవరు?

మహారాజశ్రీ ట్రియెస్టే రెక్కల సింహం, ఉరఫ్ అసికురాజియోని జెనరాలి అనే ఇటలీ బీమా కంపెనీ వారి సముఖానికి,

ఉభయకుశలోపరి. అయినా ప్రీమియం కట్టినంతకాలం మేం కుశలంగానే ఉన్నట్టు మీ లెక్క కదా!

1831లో పుట్టారు. అప్పట్లో ట్రియెస్టే ఆస్ట్రియా చక్రవర్తి రేవు కాబట్టి ఆయన గద్దనే గుర్తుగా పెట్టుకున్నారు. 1848లో ఆస్ట్రియా మీద తిరుగుబాట్లతో గాలి మారేసరికి గద్దను దించి వెనిస్ సింహాన్ని ఎక్కించారు. దానికీ రెక్కలున్నాయి. గాలి మళ్ళీ మారితే పనికొస్తాయని కాబోలు.

1907లో మీ ప్రాగ్ ఆఫీసులో కాఫ్కా అనే కుర్రాడు చేరాడు. మీరు దూరదేశాలకు పంపిస్తారనీ, కిటికీలోంచి చెరకు తోటలు చూడొచ్చనీ ఆశపడ్డాడు. తోట చూడ్డం అటుంచి తనే చెరకు పిప్పయ్యాడు. తొమ్మిది నెలలు దాటగానే మానేశాడు. ఆ తర్వాత అతను రాసిన పేరుమోసిన కథల్లో ఆఫీసులు మనుషుల్ని నమిలేసేలా ఎందుకుంటాయో నాకో అనుమానం ఉంది గానీ, పరువునష్టం దావాకు నా దగ్గర పాలసీ లేదు.

బీమాతో ఆగారా? బ్యాంకు పెట్టారు, వ్యవసాయం చేస్తున్నారు, వైన్ అమ్ముతున్నారు. మిలాన్‌లో ఆర్కిటెక్టు జహా హదీద్ చేత 44 అంతస్తుల టవర్ మెలితిప్పి మరీ కట్టించారు. దాని నెత్తిన ఉన్న మీ బోర్డు 2023లో ఒరిగిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, సంతోషం. మరి క్లెయిము ఫారంలో 'ప్రమాద సమయంలో మీరెక్కడున్నారు' అన్న గడిలో ఏం రాశారు? 'పైనే' అనా?

మా దేశంలో బిగ్ బజార్ వారి ఫ్యూచర్ గ్రూపుతో పొత్తు కలిపి ఫ్యూచర్ జెనరాలి అన్నారు. ఆ ఫ్యూచర్ కాస్తా దివాలా తీసింది. 2025లో సెంట్రల్ బ్యాంక్ చెయ్యి పట్టుకుని జెనరాలి సెంట్రల్ అయ్యారు. ఫ్యూచర్ అంటే గవర్నమెంటు బ్యాంకేనని మా నాన్నల తరం ఎప్పట్నుంచో చెప్తోంది, మీరే వినలేదు.

ఒక్కచోట మాత్రం నాకు వేళాకోళం రాదు. యుద్ధానికి ముందు తూర్పు ఐరోపాలో ఎందరో యూదులు మీ దగ్గర పాలసీలు తీసుకున్నారు. నాజీలు వాళ్ళను చంపేశారు. వారసులు డబ్బు అడిగితే, అక్కడి మా ఆస్తులన్నీ కమ్యూనిస్టు ప్రభుత్వాలు లాక్కున్నాయి, వాళ్ళనే అడగండన్నారు. దీన్ని తేల్చడానికి అంతర్జాతీయ కమిషన్ వేసేసరికి 1998 వచ్చింది. ప్రీమియం ఒక్క రోజు ఆలస్యమైతే ఎవరూ అర్ధశతాబ్దం ఆగరు.

సరే, ఇప్పుడు మీ ఇంటి సంగతి. 2022లో మీ వాటాదారులే, సిమెంటు ఆసామి కాల్టజిరోనె, కళ్ళజోళ్ళ కుబేరుడు డెల్ వెక్కియో కలిసి మీ సీఈఓని దించబోయారు, కుదర్లేదు. అప్పటికి మీలో అందరికంటే పెద్ద వాటా మెడియోబాంకా అనే మిలాన్ బ్యాంకుది. 2025లో ఆ మెడియోబాంకానే సియెనా బ్యాంకు మింగేసింది. 1472 నాటి ముసలి బ్యాంకు అది, 2017లో సర్కారు సెలైన్ ఎక్కించి బతికించింది. అందులోనూ వాటాలున్నది ఎవరికనుకున్నారు? ఆ సిమెంటుకూ, ఆ కళ్ళజోళ్ళకే! నిన్న మంచం మీదున్న రోగి చేతిలో ఇవాళ మీ జూలు.

అందుకే చిన్న సలహా. మీ మీద మీరే ఒక పాలసీ రాసుకోండి. వయసు, వృత్తి, పాత జబ్బులు, అన్నీ నిజమే రాయండి. నామినీ గడి దగ్గర మాత్రం పెన్సిల్ వాడండి.

ఇట్లు,
చిన్నక్షరాలు చదవడానికి కళ్ళజోడు మార్చుకున్న ఓ పాలసీదారు
(ఆ కళ్ళజోడూ మీ వాటాదారు కంపెనీదేనేమో!)