అది మంచు కాదు, వడగళ్లు

ఇప్పుడే టీవీ కట్టేశాను. కోపం ఇంకా తగ్గలేదు. "మంచు దుప్పటి కప్పుకున్న పల్లె, కశ్మీర్‌ను తలపిస్తున్న అందాలు" అని వార్తల్లో ఆ అమ్మాయి నవ్వుతూ చదువుతోంది. తెర మీద ఉన్నది మా మేనమామ ఊరు. ఆ తెల్లదనం కింద ఉన్నది కోతకు వచ్చిన యాసంగి వరి.

అది మంచు కాదు! మంచు అంటే మేఘంలోని నీటి ఆవిరి నేరుగా స్ఫటికమై, ఆరు కోణాల పువ్వులా మెల్లగా దిగేది. దారిలో వెచ్చని గాలి తగిలితే అదే కరిగి వానగా పడుతుంది. ఏప్రిల్ ఎండల్లో మన నేల మీదికి మంచు ఎలా చేరుతుంది? వడగళ్లకు బలం ఇచ్చేదే ఆ ఎండ. కాగిన నేల మీది తేమగాలి ఉధృతంగా పైకి లేచి, 12 కిలోమీటర్ల ఎత్తు కూడా దాటే క్యుములోనింబస్ మేఘమవుతుంది. అందులో సున్నా కంటే చల్లబడినా గడ్డకట్టని నీటిబొట్లు ఉంటాయి. గట్టిపడిన చిన్న పలుకు తగిలితే చాలు, దానికి అంటుకుని గడ్డకడతాయి. గాలి కింది నుంచి ఎగదోస్తున్నంతసేపూ రాయి పెరుగుతూనే ఉంటుంది. ఇక మోయలేనప్పుడు వదిలేస్తుంది. పెద్ద వడగల్లును కోసి చూస్తే ఉల్లిపాయలా పొరలు కనిపిస్తాయి. 1888లో మొరాదాబాద్‌లో 246 మందిని చంపింది ఈ వడగళ్లే. అందాలట!

2023 మార్చిలో వికారాబాద్ జిల్లా మర్పల్లి తెల్లబడినప్పుడూ ఇదే కశ్మీర్ పోలిక. లంబసింగి పొగమంచుకూ అదే పోలిక. పొగమంచు అంటే నేలను తాకిన మేఘం, అంతే. తేడా తెలుసుకోవడానికి పది నిమిషాలు పట్టదు కదా.

మామయ్య దాన్ని రాళ్ల వాన అంటాడు. ఆ మాటలోనే అంతా ఉంది. పొద్దున వీడియో కాల్‌లో ఒక కంకి తీసి చూపించాడు. చేతిలో ఊచ తప్ప గింజ లేదు, అన్నీ బురదలో ఉన్నాయి. గట్టు మీది మామిడి కాయలకు దెబ్బ తగిలిన చోటల్లా సొన కారి నల్లబడింది.

మూడేళ్ల కిందటి సంగతి నాకు ఈ రోజుకీ మింగుడు పడదు. అప్పుడూ ఇలాగే పడ్డాయి. నష్టం రాసుకోవడానికి అధికారి నాలుగో రోజున వచ్చి "రాళ్లు పడ్డట్టు ఆనవాలు ఏది?" అని అడిగాడు. ఏప్రిల్ ఎండలో వడగల్లు నాలుగు రోజులు నిలుస్తుందా? పంట 33 శాతం పోతేనే సాయం, మామయ్యది 30 శాతమేనని రాసుకుని వెళ్లిపోయాడు. ఏ గింజ లెక్కపెట్టాడు? అత్తయ్య మాత్రం వాన వెలిసిన వెంటనే నిమ్మకాయంత వడగల్లును స్టీలు గిన్నెలో వేసి పక్కింటి ఫ్రిజ్‌లో దాచింది. రెండో రోజు రాత్రంతా కరెంటు లేదు. అయినా ఆ గిన్నె తెచ్చి, అడుగున ఉన్న నీళ్లు ఆయనకు చూపించింది.

ఆయన గిన్నెలోకి తొంగి కూడా చూడలేదు.