పక్క ప్లాటులో ఎవరుంటారు?

మా బావమరిది విశాఖ శివార్లలో ఆనందపురం దాటాక హైవే నుంచి లోపలికి నాలుగు కిలోమీటర్ల దూరంలో 200 గజాలు కొని, రెండేళ్ల కిందట ఇల్లు కట్టాడు. కాగితాలకు వంక పెట్టడానికి లేదు. పాత యజమానుల లింకు డాక్యుమెంట్లు, స్థలం మీద లావాదేవీలు, తనఖాలు చూపే ఈసీ, విశాఖ అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ అప్రూవల్, బ్యాంకు లోను అన్నీ పక్కా. లేఅవుట్‌లో ప్లాట్లు రెండు వందల పైనే. ఇళ్లు మాత్రం మూడు. మిగతాదంతా సరిహద్దు రాళ్లు, వాటి మధ్య నడుమెత్తు గడ్డి.

విశాఖ చుట్టుపక్కల స్థలం కొనేవాళ్లకు ఇప్పుడు జాగ్రత్తలు బాగానే తెలుసు. సొంత హక్కున్న జిరాయితీయా, ప్రభుత్వం పేదలకిచ్చిన డి పట్టానా? రిజిస్ట్రేషన్ నిషేధించిన 22ఏ జాబితాలో ఉందా? వెబ్‌సైట్‌లో భూమి ఎవరి ఖాతాలో ఉందో చెప్పే 1బీ చూశారా? టీకొట్టు దగ్గర కూడా ఇవే ప్రశ్నలు. అడగాల్సినవే. కానీ ఇల్లు కట్టి ఉండాలనుకునేవాడు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: ఈ లేఅవుట్‌లో స్థలాలు కొన్నవాళ్లలో ఇల్లు కట్టే ఉద్దేశం ఎంతమందికి ఉంది?

చాలామందికి లేదు. భోగాపురం విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మేలో ఇంకోసారి శంకుస్థాపన జరిగింది. ఆనందపురం నుంచి పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లి దాకా సుమారు 50 కిలోమీటర్ల ఆరు వరుసల రోడ్డు వచ్చింది. శంకుస్థాపన రాయి పడ్డా, కొత్త రోడ్డు పడ్డా పక్కన జీడితోటలు లేఅవుట్లయ్యాయి. కొన్నవాళ్లలో గాజువాకలో క్వార్టర్స్‌లో ఉన్నవాళ్లున్నారు, హైదరాబాద్ వాళ్లున్నారు, అమెరికా వాళ్లున్నారు. అమ్మాయి పెళ్లికి పనికొస్తుందనో, ధర పెరిగాక అమ్మేద్దామనో కొన్నారు. అందులో తప్పేం లేదు. వాళ్లకది ఫిక్స్‌డ్ డిపాజిట్. కాకపోతే ఆ డిపాజిట్ల నడుమ ఒక కుటుంబం కాపురం ఉండాలి.

ఆ కాపురం ఎలా ఉంటుందంటే, బ్రోచర్‌లో చూపించిన వీధిదీపాల్లో సగం మొదటి వానాకాలానికే పోయాయి. బాగుచేయమంటే లేఅవుట్ వేసినవాళ్లు పంచాయతీని అడగమంటారు, పంచాయతీ లేఅవుట్ వాళ్లనే అడగమంటుంది. మూడిళ్ల కోసం ఆర్టీసీ బస్సు లోపలికి రాదు. స్కూల్ వ్యాను మెయిన్ రోడ్డు దగ్గరే ఆగుతుంది. పాలు, కూరలు తెచ్చుకోవాలంటే బండి తీయాలి. వానాకాలంలో పాముల భయం. ఊరికెళ్తే ఇల్లు చూసిపెట్టే మనిషి ఉండడు. గజం తక్కువకొచ్చిందని సంతోషించామే, ఆ తగ్గిన డబ్బంతా ఇలా నెలనెలా చిల్లరగా పోతోంది.

రాకపోకల లెక్క కూడా వేసుకోవాలి. ఒకవైపు 30 కిలోమీటర్లంటే రోజుకు 60, నెలలో 25 రోజులకు 1,500. లీటరుకు 50 కిలోమీటర్లిచ్చే బండికి 30 లీటర్లు. లీటరు వంద దాటిన రోజుల్లో మూడు వేల పైమాటే. డబ్బు సర్దుకోవచ్చు. కొమ్మాది నుంచి మద్దిలపాలెం దాకా సిగ్నళ్లు దాటుకుంటూ రోజుకు రెండు గంటలు రోడ్డు మీద గడిపితే నెలకు 50 గంటలు. ఆ టైము ఎవరిస్తారు?

మరి మనుషులున్న చోటే కొనుక్కోవచ్చుగా అంటారు. అక్కడ ఇంకో చిక్కు. పాత ఊళ్లో కొట్టుంటుంది, కుళాయి ఉంటుంది, పక్కింటి మామ్మ ఉంటుంది. కానీ గ్రామకంఠంలో, అంటే పాత ఊరి నివాస స్థలంలో, చాలా ఇళ్లకు అనుభవమే తప్ప సరైన దస్తావేజు ఉండదు, బ్యాంకు మొహం తిప్పుకుంటుంది. సింహాచలం పంచగ్రామాలనే చూడండి. అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, వెంకటాపురం, చీమలాపల్లి. ఇరుగుపొరుగుకు లోటే లేదు, దేవస్థానం భూముల వివాదం మాత్రం దశాబ్దాలుగా తెగలేదు. అసైన్డ్ భూములదీ, అంటే డి పట్టా ఇచ్చినవాటిదీ అదే తంతు. 1977 చట్టం వాటి అమ్మకాన్ని నిషేధించింది. 2023లో సవరించి, 20 ఏళ్లు దాటినవాటిని అసలు పట్టాదారులు అమ్ముకోవచ్చన్నారు. 2024లో ప్రభుత్వం మారాక ఆ రిజిస్ట్రేషన్లు ఆపి పరిశీలన మొదలుపెట్టారు. మధ్యలో కొన్నవాడి టెన్షన్ వాడికే తెలుసు. మొత్తానికి మన శివార్లలో మనుషులున్న చోట కాగితం బలహీనం, కాగితం గట్టిగా ఉన్న చోట మనుషుల్లేరు.

నా మటుకు నేను రెండింటికీ మధ్య చూస్తాను. పాత ఊరిని ఆనుకుని ఉన్న చిన్న లేఅవుట్, అప్పటికే పది పదిహేను ఇళ్లున్నది, గజం ఖరీదు ఎక్కువైనా సరే. రైలు దగ్గరగా ఉంటే ఇంకా మంచిది. కొత్తవలస విజయనగరం జిల్లాలో ఉన్నా, అక్కడి నుంచి రోజూ రైలెక్కి విశాఖలో ఉద్యోగాలకు వచ్చేవాళ్లున్నారు. సబ్బవరం 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా. బ్రోచర్‌లో అన్నీ 'వైజాగే' గానీ, సర్వే తగాదా వస్తే ఏ జిల్లా కలెక్టరేట్‌కు తిరగాలో ముందే తెలుసుకోవడం మేలు.

స్థలం చూడటానికి ఆదివారం ఉదయం ఏజెంటు కారులో వెళ్లకండి. వానాకాలంలో రాత్రి ఎనిమిదింటికి సొంత బండి మీద వెళ్లండి. ఎన్ని దీపాలు వెలుగుతున్నాయో, నీళ్లు ఎటు పారుతున్నాయో అప్పుడు తెలుస్తుంది. గెడ్డను (వాగును) పూడ్చి చదును చేసిన చోట వాన తన పాత దారి మర్చిపోదు. పల్లపు పొలంలో గ్రావెల్ పోసి మెరక చేసిన స్థలమైతే పునాది అసలు నేల తగిలేదాకా దించాలి. మేస్త్రీ మొదట చెప్పిన లెక్కలో అది ఉండదు. భీమిలి వైపు సముద్రానికి దగ్గరైతే బోరు నీళ్లు నోట్లో పోసుకుని చూడండి. ఉప్పుగాలికి ఇనుము ఎంత త్వరగా తుప్పు పడుతుందో అక్కడి పాత మేడల స్లాబులు చూస్తే చాలు.

ప్రభుత్వం చేయగలిగింది కూడా ఉంది. లేఅవుట్‌కు అనుమతిచ్చేటప్పుడు రోడ్లు, కాలువలు, కరెంటు స్తంభాలు వేశారా అని చూస్తే సరిపోదు. సగం ప్లాట్లలో ఇళ్లు లేచేదాకా దీపాలు, నీళ్లు నడిపే ఖర్చును లేఅవుట్ వేసినవాళ్ల దగ్గర డిపాజిట్‌గా పట్టుకోవాలి. ఏళ్ల తరబడి ఖాళీగా ఉంచే ప్లాటు యజమాని కూడా అందులో వాటా కట్టాలి. రేపు అతని స్థలానికి ధర వచ్చేది ఇవాళ అక్కడ కాపురం ఉన్నవాళ్ల వల్లే కదా.

పోయిన వారం బావమరిది ఫోన్ చేశాడు. ఎదురు వరుసలో ఎవరో ముగ్గు పోశారట. బోరు ఇంకా వేయలేదని, పునాది క్యూరింగ్‌కు నీళ్లు తమ మోటారు నుంచే పట్టుకోమని వాళ్లావిడ ముందే చెప్పేసిందట. కరెంటు బిల్లు ఎవరు కడతారని అడిగాను. "ఎవరు కడితే ఏంటి బావా, ముందు వాళ్లు ఇల్లు కట్టనీ" అన్నాడు.