నెయ్యి గరిటె సూచిక

ప్రపంచ దేశాల ఆనందాన్ని కొలిచి 2012 నుంచి నివేదికలు వెలువరిస్తున్న పండితులు అందుకోసం ఒక నిచ్చెనను వాడుతారు. సున్నా నుంచి పది వరకు మెట్లున్న నిచ్చెనను ఊహించుకోమని, అట్టడుగున అతి హీనమైన బతుకు, చిట్టచివర అతి శ్రేష్ఠమైన బతుకు ఉన్నాయనుకుంటే తాను ఏ మెట్టు మీద ఉన్నాడో చెప్పమని మనిషిని అడుగుతారు. 2018 నుంచి 2025 వరకు ఏటా ఫిన్లాండ్ వారే మొదటి స్థానంలో కూర్చున్నారు. వారి నిజాయితీని శంకించను గాని, ఆ ప్రశ్న భోజనానికి ముందు అడిగారో, తరువాత అడిగారో తేలకుండా ఆ లెక్కను నమ్మడం నా వల్ల కాదు.

బెంగళూరు మారతహళ్లిలో నేను భోంచేసే ఆంధ్రా మెస్సులో ఇంతకన్నా నమ్మకమైన కొలమానం ఉంది. అది నెయ్యి గరిటె. నేను ఈ ఊరికి వచ్చిన కొత్తలో అది గుంట గరిటె. మరుసటి ఏడాదికి చెంచా అయింది. ఇప్పుడు చెవిలో గులిమి తీయడానికి సరిపోయేంత మిగిలింది. గరిటె దిగిన కొద్దీ బోర్డు మీద భోజనం ధర ఎక్కింది.

దీన్ని తిండిపోతు గోలగా కొట్టిపారేసేవారికి కొంత రసాయనశాస్త్రం చెప్పక తప్పదు. మిరపకాయ పుట్టిల్లు అమెరికా ఖండం; పోర్చుగీసు వారి ఓడలెక్కి మన తీరానికి వచ్చింది. అంతవరకు మన పూర్వులు మిరియాలతోనే కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మిరపలోని క్యాప్సైసిన్ అనే పదార్థం నాలుక మీద వేడిని పసిగట్టే గ్రాహకాన్ని తట్టి లేపుతుంది గనుకనే చల్లారిన అన్నంలో కలిపిన పచ్చడి కూడా మండుతుంది; ఆ గ్రాహకాన్ని కనుగొన్నందుకు డేవిడ్ జూలియస్‌కు 2021 నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. ఈ క్యాప్సైసిన్ నీటిలో సరిగా కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందుచేత చెంబెడు నీళ్లు తాగితే మంట నోరంతా పాకుతుందే తప్ప పోదు, చెంచాడు నెయ్యి తగిలితే తగ్గుతుంది. మా అమ్మమ్మ ఏ ప్రయోగశాల గడపా తొక్కకుండానే ఆవకాయ పక్కన నేతిగిన్నె పెట్టేది. ఆవిడకు ఎవరూ వాటా ఇవ్వలేదు.

సాంబారులో బెల్లాన్ని సహించే పెద్దమనసు ఈ నగరం నాకు ఎప్పుడో నేర్పింది, ఆ సంగతి వదిలేద్దాం. మొన్న ఆదివారం నా అరిటాకులో పొగలు కక్కే అన్నం, దాని మీద ఎర్రటి కందిపొడి పడ్డాయి. వడ్డించే కుర్రవాడు గరిటె వంచి, చుక్క రాలేలోపే పక్క విస్తరి దగ్గరకు జరిగిపోయాడు. నాకున్న కన్నడమంతా కూడదీసుకుని "ఇన్నూ స్వల్ప తుప్ప హాకి" అన్నాను, ఇంకొంచెం నెయ్యి వేయమని. ఈ ఊళ్లో స్వల్ప అన్న మాటను మర్యాద కోసం వాడతారు గాని కొలత కోసం కాదు. అతడు మాత్రం దానికి తెలుగు అర్థమే తీసుకుని, స్వల్పంగానే వేసి, "స్వల్ప అడ్జస్ట్ మాడి సార్" అంటూ సాగిపోయాడు.

పొడి ముద్ద నోట పెట్టానో లేదో పొలమారింది. ఉక్కిరిబిక్కిరై "అమ్మా" అన్నాను. అతడు నేతిగిన్నెతోనే పరుగున వచ్చి, నా నడినెత్తిన తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారు సార్, మెల్లగా" అన్నాడు, అచ్చమైన తెలుగులో. రెండేళ్లుగా మేమిద్దరం ఒకరి తప్పుడు కన్నడాన్ని మరొకరు భరిస్తూ వస్తున్నామన్నమాట.

"ఏ ఊరు నాయనా?"

"కావలి సార్. మీది?"

"తెనాలి."

అతడు గల్లాపెట్టె వైపు ఒకసారి చూశాడు. ఓనరు ఫోనులో తలదూర్చి ఉన్నాడు. గరిటెను బల్ల మీద పెట్టేసి, గిన్నెనే నా విస్తరి మీదకు వంచాడు. ఈ కబురు గల్లా దాకా వెళ్లకూడదన్నది అతడు పెట్టిన ఒకే ఒక్క షరతు కాబట్టి, ఆ మెస్సు పేరు ఇక్కడ రాయడం లేదు.